పేరెంటింగ్ క్లాసుకి అవ్వని పిలవండి

తిరుపతిలో ఇప్పుడు చాలా ప్రైవేట్ స్కూళ్ళు పేరెంటింగ్ వర్క్‌షాపులు పెడతా ఉన్నాయి, మంచిదే, నేను వద్దనను. కానీ అందులో చెప్పేదంతా అమ్మా నాన్నా ఇద్దరూ ఇంట్లో ఉండే ఫ్యామిలీకే సరిపోతాది. పీలేరు, కలికిరి వైపు ఎన్నో ఇళ్ళల్లో అమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయుంటాది, పిల్లోళ్ళని సాకేది అవ్వ. ఆమెని ఎవరూ పిలవరు.

అమెరికాలో లాటినో (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన) వలస కుటుంబాల కోసం ఇట్లాంటి ప్రోగ్రామ్‌ని ఎట్లా మార్చుకున్నారో చదివినప్పట్నుంచి ఇదే ఆలోచన. ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్, మారియన్ ఫోర్గాచ్ వాళ్ళు తయారుచేసింది అది, పిల్లోడు మంచి పని చేస్తే చూసి మెచ్చుకోవడం, కొట్టకుండా హద్దు పెట్టడం, ఎవరితో తిరుగుతున్నాడో కనిపెట్టుకుని ఉండటం, ఇట్లాంటివి నేర్పిస్తారు. రూబెన్ పర్రా కార్డోనా టీమ్ డెట్రాయిట్‌లో 103 కుటుంబాలతో దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ఇచ్చింది. కొందరికి లాటినో కుటుంబాలకి తగ్గట్టు మార్చిన ప్రోగ్రామ్, ఇంకొందరికి అదే ప్రోగ్రామ్‌కి తోడు వలస కష్టాలు, వివక్ష, రెండు సంస్కృతుల మధ్య పిల్లలకీ పెద్దోళ్ళకీ వచ్చే గొడవలు మాట్లాడుకునే సెషన్లు, మిగతా వాళ్ళని పోల్చి చూడటానికి వెయిటింగ్‌లో పెట్టినారు. రెండు రకాలూ పనిచేసినాయి. కానీ 6 నెలల తర్వాత చూస్తే, వెయిటింగ్‌లో ఉన్న వాళ్ళకన్నా పిల్లల్లో దిగులు, భయం లాంటివి బాగా తక్కువున్నది ఆ కష్టాలు కూడా మాట్లాడుకున్న ఇళ్ళల్లోనే అని అమ్మలూ నాన్నలూ ఇద్దరూ చెప్పినారు.

నాకు పట్టుకున్నది ఏందంటే, అసలు పద్ధతిని వాళ్ళు పారెయ్యలేదు, ఆ ఇంటి మీదున్న బరువుని క్లాసులోకి తెచ్చినారు.

మన దగ్గర ఆ బరువు ఏందో చూడండి. అవ్వకి గట్టిగా చెప్పాలంటే భయం, పిల్లోడు ఫోన్ కలిసినప్పుడు వాళ్ళమ్మకి చెప్తాడు, ఆ తల్లి అక్కడ ఏడుస్తాది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఆమె పని అయ్యి రాత్రి 11కి ఫోన్ పడితే ఇక్కడ ఒకటిన్నర, పిల్లోడు నిద్రలో ఉంటాడు. రోజూ పిల్లలతో పది నిమిషాలు గడపండి అని ఆ తల్లికి ఎట్లా చెప్తాం? సెలవు దొరికిన రోజున వీడియో కాల్‌లో హద్దులు ముగ్గురూ కలిసి అనుకోవాలి, అవ్వ చెప్పిందే నా మాట అని తల్లి నోటితోనే పిల్లోడు వినాలి. నా లెక్కలో ఇదొక్కటే ఒక సెషన్‌కి సరిపోతాది.

మెచ్చుకోవడం సంగతి ఇంకోటి. బిడ్డని ఎదురుగా పొగిడితే దిష్టి తగుల్తాది అని మా అవ్వలు నిజంగా నమ్ముతారు, దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే రేపట్నుంచి క్లాసుకి రారు. పిల్లోడిని కాకుండా పనిని మెచ్చుకోమనాలి, "బిందె తెచ్చి పెట్టినావు, నా నడుంనొప్పి తప్పింది రా నాయనా" అంటే చాలు, దిష్టీ లేదు, వాడికి చేరాల్సింది చేరుతాది.

ఇంక టైము. పగలు 11 గంటలకి మీటింగ్ పెడితే శెనక్కాయల కోత రోజుల్లో కూలికి పోయే అవ్వ ఎట్లా వస్తాది, సాయంత్రం ఊర్లోనే, గుడి దగ్గరో అంగన్వాడీలోనో పెట్టండి. ఫారంలో తల్లిదండ్రుల సంతకం కింద పిల్లోడిని సాకేవాళ్ళ పేరుకి కూడా ఒక గీత వెయ్యండి. పీలేరు వైపు స్కూల్లో పనిచేసే టీచర్లు ఎవరైనా ఇది చదివితే, వచ్చే మీటింగ్‌కి ముందు ఇద్దరు ముగ్గురు అవ్వల దగ్గర కూర్చుని వాళ్ళకి ఏది కష్టంగా ఉందో అడిగి, దాంతోనే క్లాసు మొదలుపెట్టండి.