డబ్బా మీద చీటీ

పలాసలో జీడిపప్పు డబ్బా మీద డబ్ల్యూ 320 అని చీటీ ఉంటే, తెలిసిన వ్యాపారి మూత తీయకుండానే సరుకు ఏమిటో చెబుతాడు. విరగని తెల్ల పప్పు, పౌనుకి 300 నుంచి 320 గింజలు. 240 అయితే గింజ పెద్దది, 180 అయితే ఇంకా పెద్దది. మరో రకం వ్యాపారి ఉంటాడు. చీటీ ఏం చెప్పినా సరే, డబ్బా విప్పి గుప్పెడు చేతిలో పోసుకుని చూస్తేగానీ డబ్బు తీయడు. ఏ విలువ ఏ రకానిదో, అంటే దాని టైపు ఏమిటో, ప్రోగ్రాము నడవక ముందే సరిచూడాలా (స్టాటిక్ టైపింగ్), నడుస్తుండగా చూడాలా (డైనమిక్ టైపింగ్) అని ప్రోగ్రామర్లు చేసే వాదన మూలం ఇదే. జావా, గో, రస్ట్ అనే భాషలు చీటీ సరిపోతేనే సరుకు గుమ్మం దాటనిస్తాయి. పైథాన్, రూబీ, జావాస్క్రిప్ట్ పని నడిచే క్షణంలో విప్పి చూస్తాయి.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్ళి బెర్లిన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో టీములో చేరిన పిల్లలకి ఈ వాదన మొదట భాషాభిమానాల గొడవలా కనిపిస్తుంది. కాలేజీలో పరీక్షకి జావా చదివి, తర్వాత పైథాన్ రాసి వెళ్ళినవాళ్ళు ఏదో ఒక పక్షం ఎంచుకుని కూర్చుంటారు. అసలు ప్రశ్న వేరు. ఒకరి బుర్రలో ఉన్న సంగతి, ఆ మనిషి నిద్రపోతున్నప్పుడు ఇంకొకరికి ఎలా తెలియాలి? బెర్లిన్‌లో పొద్దున్న 9 అయితే విజయనగరంలో ఎండాకాలం మధ్యాహ్నం 12:30, చలికాలం 1:30. న్యూయార్క్‌తో అయితే తేడా 9 గంటలన్నర లేదా 10 గంటలన్నర. ‘ఆ ఫంక్షన్‌కి ఏం పంపాలి?’ అని అడిగి జవాబు కోసం ఒక పూట కూర్చోవాల్సి వస్తే, ఆ ఫంక్షన్ మొదటి వరుసలో రాసి ఉన్న టైపు విలువ అర్థమవుతుంది. పైగా పరాయి దేశంలో మనుషులు మారుతూనే ఉంటారు. వీసా గడువు, వేరే ఊళ్ళో ఉద్యోగం, ఇంటికి తిరుగు ప్రయాణం. వెళ్ళినవాళ్ళతో పాటు వాళ్ళకి తెలిసిందీ వెళ్ళిపోతుంది.

వలస మనిషికి ఈ విషయంలో ఒక బలం ఉంది. డేటా దేశం దాటితే ఏమవుతుందో ముందుగా కనిపెట్టగలిగేది తనే. విజయనగరం పిన్‌కోడ్ 535002, పలాసది 532221. మన పిన్‌కోడ్ ఏదీ సున్నాతో మొదలవదు కనుక దాన్ని అంకెగా దాచినా మనకి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. జర్మనీలో డ్రెస్డెన్ కోడ్ 01067. దాన్ని ఇంటిజర్‌గా, అంటే పూర్ణాంకంగా, దాస్తే 1067 అవుతుంది, ఉత్తరం చేరదు. ఇంటి నంబరు 7-4-12 ఎక్సెల్‌లో కొట్టి చూడండి. మన అమరిక ఉన్న కంప్యూటర్లో అది 2012 ఏప్రిల్ 7, అమెరికా అమరికలో 2012 జులై 4. జర్మనీ ఫైలులో 1.250 అంటే పన్నెండు వందల యాభై. పైథాన్ దాన్ని ఒకటింపావుగా చదువుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. టైమ్ జోన్ తేడాని పూర్ణాంకంగా దాచిన ప్రోగ్రాము మన +5:30 దగ్గర అరగంట మింగేస్తుంది. సెట్టింగ్స్ రాసుకునే యామల్ ఫైలులో పాత 1.1 పద్ధతిలో దేశాల కోడ్‌ల జాబితా రాస్తే నార్వే కోడ్ ఎన్‌వో ‘కాదు’ అనే బూలియన్‌గా, అంటే అవును-కాదు విలువగా, మారిపోతుంది. కోట్స్ పెడితేనే అక్షరాలుగా ఉంటుంది.

వీటిలో సగం తప్పులు స్టాటిక్ భాషలోనూ జరుగుతాయి. పిన్‌కోడ్‌ని ఇంటిజర్ అని ప్రకటిస్తే కంపైలర్, అంటే కోడుని నడిచే ప్రోగ్రాముగా మార్చే పనిముట్టు, సంతోషంగా ఒప్పుకుంటుంది. చీటీ ఉండటం ఒక సంగతి, చీటీ మీద సరైన మాట ఉండటం ఇంకో సంగతి. లెక్క కట్టని అంకెలు, అంటే కోడ్‌లు, ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు, ఎప్పుడూ స్ట్రింగే, అంటే అక్షరాల వరసే. డబ్బుకి ఫ్లోట్, అంటే దశాంశాలని ఉజ్జాయింపుగా దాచే రకం, వాడకూడదు. పైసల్లోనో సెంట్లలోనో పూర్ణాంకం కానీ, దశాంశాలని ఖచ్చితంగా దాచే డెసిమల్ కానీ వాడాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు మనలో ఉన్నారు కనుక ఇంటిపేరు ‘ఉండొచ్చు, లేకపోవచ్చు’ అనే ఆప్షనల్ టైపు. అలా ప్రకటిస్తే, లేనప్పుడు ఏం చేయాలో రాసేదాకా టైపులు సరిచూసే పనిముట్టు, టైప్ చెకర్, వదలదు. ‘ఏటవుద్దిలే’ అని అక్కడ ఖాళీ స్ట్రింగ్ పెట్టేస్తే చెకర్ నోరు మూసినట్టే, ఆ ఖాళీ రేపు టికెట్ మీదో జీతం చీటీ మీదో తేలుతుంది.

డబ్ల్యూ 320 లో ఇంకో పాఠం ఉంది. ఆ 320 పౌనుకి లెక్క, కిలోకి కాదు. ఉద్దానంలో రైతు జీడిపిక్కలు అమ్మేది 80 కిలోల బస్తా లెక్కన. రెండూ ఉత్త ఇంటిజర్లుగా ఒకే ప్రోగ్రాములో కలిస్తే ఏ కంపైలరూ పట్టుకోదు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నాసా అంతరిక్ష నౌక పోయింది ఇలాంటి చోటే. నేల మీది సాఫ్ట్‌వేర్ పౌండ్ ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన లెక్కని, తీసుకున్నవాళ్ళు న్యూటన్ సెకన్లు అనుకున్నారు, తేడా సుమారు నాలుగున్నర రెట్లు. 1996లో ఏరియన్ 5 రాకెట్ బయల్దేరిన 40 సెకన్ల లోపే పేలిపోయింది. అందులో కోడు రాసింది టైపుల విషయంలో ఎంతో కఠినమైన ఏడా భాషలో. ఏరియన్ 4 నుంచి తెచ్చిన ఆ కోడు 64 బిట్ల ఫ్లోట్‌ని 16 బిట్ల ఇంటిజర్‌లోకి కుక్కబోయింది. విలువ పట్టలేదు, దాన్ని అందుకునే రక్షణ అక్కడ లేదు. యూనిట్లకి పైథాన్‌లో కొత్త టైపుకి పేరు పెట్టే న్యూటైప్ వాడి కిలో వేరు, పౌను వేరు అని ప్రకటిస్తే ఒకటి పంపాల్సిన చోట రెండోది పంపగానే చెకర్ ఆపుతుంది. ఖర్చు రెండు వరుసలు. పరిధి దాటడం మాత్రం టెస్టుల పనే.

ఇక టైపులు లేని పాత పైథాన్ కోడు చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. ఏ విలువ ఏ టైపో కోడులోనే రాసే టైప్ హింట్లు పైథాన్ 3.5 తో 2015లో వచ్చాయి, వాటిని సరిచూసే పనిముట్లలో బాగా వాడుకలో ఉన్నది మైపై. మొదటి రోజే దాని కఠినమైన సెట్టింగ్ స్ట్రిక్ట్ ఆన్ చేయకండి. వేలల్లో ఎర్రర్లు వస్తాయి, టీము విసుగెత్తి వారంలో తీసేస్తుంది, మళ్ళీ ఏడాది దాకా ఎవరూ ఆ మాట ఎత్తరు. ముందు మైపైని ఒకే వెర్షన్‌కి పిన్ చేసి, అంటే కట్టేసి, వదులు సెట్టింగ్స్‌తో సీఐలో, అంటే కోడు మారినప్పుడల్లా దానంతటదే నడిచే పరీక్షలో, పెట్టి, సున్నా ఎర్రర్ల దగ్గరికి తేవాలి. పిన్ చేయకపోతే కొత్త వెర్షన్ వచ్చిన పొద్దున్న ఎవరూ కోడు ముట్టకుండానే బిల్డ్ ఎర్రగా మారుతుంది, నింద టైపుల మీద పడుతుంది.

తర్వాత అందరూ పిలిచే చిన్న మాడ్యూళ్ళు, అంటే తాము ఎవరినీ ఇంపోర్ట్ చేసుకోనివి. అక్కడ హింట్లు రాస్తే ఫలితం పైదాకా పాకుతుంది. ఒక సంగతి చాలామందికి తెలియక మోసపోతారు. హింట్లు లేని ఫంక్షన్ లోపలికి మైపై మామూలుగా తొంగి చూడదు. ఆకుపచ్చ టిక్ వచ్చింది కదా అని నమ్మితే, చూడని కోడుని చూసినట్టు అనుకున్నట్టే. వాటినీ చూడమని చెప్పే చెక్ అన్‌టైప్డ్ డెఫ్స్ సెట్టింగ్ ఆన్ చేయాలి. ఆపైన ఒక్కో మాడ్యూలుకీ హింట్లు లేని ఫంక్షన్లని ఒప్పుకోని డిస్అలౌ అన్‌టైప్డ్ డెఫ్స్ పెట్టుకుంటూ పోవాలి. బయటి లైబ్రరీకి టైపులు లేవని ఇగ్నోర్ మిస్సింగ్ ఇంపోర్ట్స్‌ని మొత్తానికి ఆన్ చేస్తే, ఆ లైబ్రరీ నుంచి వచ్చే ప్రతిదీ ఎనీ అయిపోతుంది. ఎనీ అంటే ఏమీ రాయని చీటీ, తాకినదాన్నల్లా అలాగే చేస్తుంది. ఆ సెట్టింగ్ లైబ్రరీ పేరు పెట్టి ఒక్కొక్కదానికే ఇవ్వాలి. తప్పనిసరై ఆ వరుసని వదిలేయమని టైప్ ఇగ్నోర్ రాస్తే పక్కనే ఎర్రర్ కోడ్ కూడా రాయాలి, వార్న్ అన్‌యూజ్డ్ ఇగ్నోర్స్ ఆన్ చేయాలి, అప్పుడే పనికిరాని ఇగ్నోర్లు బయటపడతాయి. హింట్లు చేర్చే పుల్ రిక్వెస్టులో, అంటే టీము చూడటానికి పంపే మార్పులో, ప్రోగ్రాము నడక మార్చకూడదు. బేగి అయిపోవాలని రెండూ కలిపితే, తర్వాత బగ్ వచ్చినప్పుడు ఏది కారణమో తేల్చలేక మొత్తం వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

జావాస్క్రిప్ట్‌కి టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్‌లో దారి ఇలాంటిదే. అక్కడ మొదటి లాభం, విలువ లేకపోవచ్చన్న చోట్లని పట్టుకునే స్ట్రిక్ట్ నల్ చెక్స్‌తో. ఎనీ బదులు అన్‌నోన్ వాడితే విప్పి చూసేదాకా వాడనివ్వదు. బయటి నుంచి వచ్చిన జేసన్ డేటాని చదివే జేసన్ పార్స్ ఇచ్చేది ఎనీ అని, టైపులన్నీ కంపైల్ అయ్యాక చెరిగిపోతాయని మరిచిపోకూడదు. సర్వర్ నుంచి వచ్చింది మీరు రాసిన ఇంటర్‌ఫేస్‌లాగే ఉందని నడిచే ప్రోగ్రాముకి ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే సరుకు లోపలికి వచ్చే గుమ్మం దగ్గర ఒకసారి నిజంగా విప్పి చూడాలి, పైథాన్‌లో పైడాంటిక్, టైప్‌స్క్రిప్ట్‌లో జాడ్ లాంటివాటితో. గుమ్మం దగ్గర డైనమిక్, ఇంట్లోకి వచ్చాక స్టాటిక్. ఈ రెండు పక్షాల్లో ఎవరో ఒకరే గెలవాలని మేం అనుకోకపోవడానికి కారణం ఇదే. రెండు రోజుల్లో పారేసే స్క్రిప్టుకీ, నోట్‌బుక్‌లో డేటా తిప్పి చూసే పనికీ టైపులు బరువే. పాండాస్ లైబ్రరీలోని పట్టికకి డేటాఫ్రేమ్ అని హింట్ రాసినా లోపల ఏ కాలమ్‌లు ఉన్నాయో మైపైకి తెలియదు.

టీములో ఈ మాట ఎత్తేటప్పుడు అభిప్రాయం కాదు, లెక్క పట్టుకెళ్ళండి. మీ బగ్ ట్రాకర్‌లో ఈమధ్య మూసిన 30 బగ్‌లు తీసి, ఒక్కొక్కదానికీ సరిచేయక ముందు కోడులో హింట్లు రాసి చెకర్ నడపండి. ఎన్ని పట్టుబడ్డాయో అదే మీ టీము జవాబు. 2017లో గావ్, బర్డ్, బార్ అనే పరిశోధకులు బహిరంగ జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల బగ్‌ల మీద ఇదే పద్ధతిలో చూస్తే టైప్‌స్క్రిప్ట్ కానీ, ఫ్లో అనే ఇంకో చెకర్ కానీ సుమారు 15 శాతం పట్టుకున్నాయి. అది కమిట్ అయ్యాక, అంటే కోడు ప్రాజెక్టులో చేరాక, మిగిలిన బగ్‌ల లెక్క మాత్రమే. రాస్తుండగానే ఎడిటర్ ఎర్రగీత చూసి దిద్దుకున్నవి అందులో లేవు. తేలిన నిర్ణయాన్ని అర పేజీలో రాసి కోడుతో పాటే దాచండి. పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏం కష్టం వస్తుంది, తేదీ. లేకపోతే కొత్త మనిషి చేరిన ప్రతిసారీ అదే వాదన మొదటినుంచీ మొదలవుతుంది.

ఇక్కడ మనవాళ్ళు మార్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. మన దగ్గర ‘సరేనండి’ అంటే విన్నానని అర్థం, పెద్దవాళ్ళ ముందు కాదనలేక అన్నదీ కావచ్చు. జర్మన్, డచ్ టీముల్లో సరే అంటే ఒప్పుకున్నట్టు, ఆ పని మీద మాట ఇచ్చినట్టు. మీ కోడుకి ‘ఇది తప్పు’ అని రివ్యూలో ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అది వరుస మీద మాట, మనిషి మీద కాదు. బదులుగా క్షమాపణ రాయనక్కర్లేదు, కారణం రాయాలి. ‘ఇక్కడ నన్ (విలువ లేదు అని) రావచ్చు, ఎందుకంటే ఈ గడి పాత ఫారాల్లో ఖాళీగా ఉంది’ అని రాస్తే చాలు. సీనియర్ రాసిన దాంట్లో ఎనీ కనిపిస్తే అలాగే అడగాలి. అడగని రివ్యూయర్ మీద వాళ్ళకి గౌరవం పెరగదు. పుల్ రిక్వెస్టు 200 నుంచి 400 వరుసలు దాటితే చదివేవాళ్ళ చూపు మొద్దుబారుతుంది, ముక్కలు చేయండి. పని రోజు ఒకటి దాటకుండా జవాబివ్వండి. పొద్దు వాలే ముందు ఇండియా టీము వదిలే అప్పగింత చీటీలో మూడు మాటలు ఉండాలి. ఏ బ్రాంచి, ఏ టెస్టు పడిపోతోంది, ఎవరి జవాబు కోసం ఆగింది. ‘దాదాపు అయిపోయింది’ అని మాత్రం రాయకండి. పొద్దున్నే అది చదివిన మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

రోజువారీ మీటింగ్‌కీ ఒక టైపు ఉంది. ఆహ్వానాన్ని +1 అని కాకుండా యూరప్ బెర్లిన్ అనే జోన్ పేరుతో పెట్టాలి. యూరప్ గడియారాలు మార్చి ఆఖరి ఆదివారం ముందుకి, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి జరుగుతాయి. అమెరికావి మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. మనవి జరగవు. మార్చిలో రెండు మూడు వారాల పాటు బెర్లిన్‌కీ న్యూయార్క్‌కీ తేడా 6 గంటలు కాదు, 5 గంటలే. విజయనగరంలో 6:30కి ఉండే కాల్ ఆ రోజుల్లో ఎప్పటికి మారుతుందో న్యూయార్క్ లెక్కన ఒక జవాబు, బెర్లిన్ లెక్కన ఇంకో జవాబు. ఆ ఆహ్వానం ఏ ఊరి గడియారాన్ని పట్టుకుందో ఫిబ్రవరిలోనే చూసుకోండి.