మూసేసిన సెంటర్ల లిస్ట్ అడిగినందుకు: ఫ్రాంచైజీ వెతుకులాటలో నా అనుభవం

మొన్న ఒక ఫ్రాంచైజీ కంపెనీతో జరిగిన వీడియో కాల్ తాలూకు కోపం ఇంకా చల్లారలేదు. వివరాలు మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

ఎంత పెట్టగలను, ఎంత పోయినా ఇల్లు గడుస్తుంది అన్న లెక్క ఒక్క పూటలో తేలిపోయింది. ఫ్రాంచైజీ తీసుకుని, అంటే ఒక కంపెనీ బ్రాండ్ పేరు వాడుకునే హక్కు కొనుక్కుని, పిల్లల లెర్నింగ్ సెంటర్ పెట్టాలన్న నిర్ణయానికీ పెద్దగా టైమ్ పట్టలేదు. ఏళ్ల తరబడి అకౌంట్స్ చూసినదాన్ని కాబట్టి బ్యాలెన్స్ షీట్ చదవడానికి నాకెవరి సాయమూ అక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టాకే అసలు తలనొప్పి. ఫ్రాంచైజీ అని సెర్చ్ చేస్తే పైన వచ్చేవి చాలావరకు యాడ్‌లే. ‘టాప్ టెన్ ఫ్రాంచైజీలు’ అని లిస్టులు పెట్టే సైట్లలో చాలావాటికి ఆ బ్రాండ్‌లే డబ్బు కడతాయి. ‘ఉచిత సలహా’ ఇచ్చే కన్సల్టెంట్‌కి కమిషన్ వచ్చేది అమ్మే కంపెనీ నుంచే. అలాంటివాడు మీ తరఫున మాట్లాడతాడని ఆశపడకండి. బ్రోషర్ డౌన్‌లోడ్ కోసం ఫామ్ నింపాల్సి వస్తే వేరే నంబరు, వేరే మెయిల్ ఐడీ ఇవ్వండి. రాత్రి భోజనాల వేళ కూడా ఫోన్లు ఆగవు.

నాకు బాగా పనికొచ్చింది అమెరికా వాళ్ల డిస్‌క్లోజర్ డాక్యుమెంట్, అంటే ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ తన వివరాలన్నీ రాసిచ్చే పత్రం. అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ప్రకారం, సంతకం పెట్టించుకోవడానికీ డబ్బు తీసుకోవడానికీ కనీసం 14 రోజుల ముందు కంపెనీ ఈ డాక్యుమెంట్ చేతికివ్వాలి. అందులో 23 అంశాలుంటాయి. 3వది కోర్టు కేసులు, 7వది మొదట పెట్టాల్సిన మొత్తం పెట్టుబడి. 20వ దాంట్లో మూడేళ్లలో ఎన్ని ఔట్‌లెట్లు తెరిచారు, ఎన్ని మూశారు అన్న లెక్కతో పాటు, ఈమధ్య వదిలేసి వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి. కాలిఫోర్నియా, విస్కాన్సిన్ రాష్ట్రాల ప్రభుత్వ సైట్లలో వీటిని ఉచితంగా చదువుకోవచ్చు. ఇండియాలో ఫ్రాంచైజీల కోసమే ప్రత్యేకంగా చట్టం లేదు కాబట్టి ఇవన్నీ మనమే అడిగి తీసుకోవాలి. మీరు చూస్తున్న బ్రాండ్ అక్కడ లేకపోయినా పర్వాలేదు, ఏ డాక్యుమెంట్ అయినా ఒకటి పూర్తిగా చదవండి. ఏం అడగాలో తెలుస్తుంది.

నాకు నచ్చిన బ్రాండ్ పేరు ఇక్కడ రాయను. ట్రేడ్‌మార్క్ రికార్డులో చూస్తే అప్లై చేసినట్టుంది కానీ రిజిస్టర్ కాలేదు. వెబ్‌సైట్ల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వాళ్ల సైట్ పాత పేజీలు తెరిచి, రెండేళ్ల కిందటి ‘మా సెంటర్లు’ పేజీని ఇప్పటి పేజీ పక్కన పెట్టి ఒక్కో పేరు టిక్ కొట్టుకుంటూ పోయాను. అప్పుడున్నవాటిలో మూడో వంతు ఇప్పుడు లేవు. అయినా వాళ్ల పేజీ మీద పెద్ద అక్షరాలతో ‘నూటికి నూరు శాతం సక్సెస్’ అని ఉంది.

ఇదంతా నోట్ చేసుకుని వీడియో కాల్‌లో కూర్చున్నాను. అటువైపు సేల్స్ హెడ్, అతని కింద ఇద్దరు. నమస్కారాలయ్యాయో లేదో, మొదటి ప్రశ్న ఇది: “మేడమ్, ఇంట్లో డెసిషన్ తీసుకునేది ఎవరు? సార్‌ని కూడా ఒకసారి పిలవండి, ఇద్దరికీ కలిపి చెప్పేస్తాను.”

“డబ్బు నాది, సంతకం నాది. నాకే చెప్పండి” అన్నాను.

అతను నవ్వి స్లైడ్‌లు మొదలుపెట్టాడు. లాభాల స్లైడ్ రాగానే ఆపమన్నాను. ఖర్చుల్లో ఓనర్ జీతం లేదు. రోజంతా సెంటర్‌లో నేను చేసే చాకిరీకి విలువ సున్నా అన్నట్టు వేసి, మిగిలినదంతా లాభమని చూపించారు. అది అడిగితే “అవన్నీ తర్వాత చూసుకుందాం మేడమ్” అన్నాడు. సరే, మూతపడిన సెంటర్ల లిస్ట్ ఇవ్వండి, ఆ ఓనర్లతో మాట్లాడతాను అన్నాను. అతని మొహంలో రంగు మారింది. “మాకు మూతపడిన సెంటర్లు లేవు” అన్నాడు. పాత పేజీ స్క్రీన్ మీద షేర్ చేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత అతనన్న మాట ఇప్పటికీ చెవుల్లో గింగుర్లెత్తుతోంది. “మేడమ్, ఏమనుకోకండి, మీది ఉద్యోగం మైండ్‌సెట్. బిజినెస్ చేసేవాళ్లు ఇన్ని అనుమానాలు పెట్టుకోరు. ఈ రాత్రికి టోకెన్ అమౌంట్ కడితే ఏరియా మీకే ఉంచుతాం, లేకపోతే వెయిటింగ్‌లో చాలామంది ఉన్నారు.” పక్కనున్న ఇద్దరిలో ఒకడు కెమెరా ఆఫ్ చేసుకోకుండానే నవ్వాడు. నా కష్టార్జితం గురించి నేను అడిగితే వాళ్లకి నవ్వులాటగా ఉంది. చేతులు వణికాయి. “లిస్ట్ మెయిల్‌లో పంపండి, అది వచ్చాకే మాట్లాడదాం” అని కాల్ కట్ చేశాను. లిస్ట్ రాలేదు. ‘ఆఫర్ ఈరోజే ఆఖరు’ అని మెసేజ్‌లు మాత్రం వారమంతా వచ్చాయి.

డబ్బు తీసుకోవడానికి వచ్చినవాడికి జవాబు చెప్పే బాధ్యత ఉంటుంది. అడిగిన మనిషిని చిన్నబుచ్చి నోరు మూయించడాన్ని సేల్స్ స్కిల్ అనుకునే కంపెనీ, రేపు సంతకం అయ్యాక మన గోడు వింటుందా?

పాత పేజీలో ఉన్న నంబర్లకి నేనే ఫోన్ చేశాను. ఒకావిడ మాత్రం ఓపిగ్గా మాట్లాడారు. “కంపెనీకి నెలనెలా కట్టే రాయల్టీ లాభం మీద కాదమ్మా, వసూలైన మొత్తం ఫీజు మీద. నష్టం వచ్చిన నెలలో కూడా కట్టాల్సిందే” అన్నారు. పిల్లలకిచ్చే కిట్లన్నీ కంపెనీ దగ్గరే కొనాలి, పిల్లలు మధ్యలో మానేస్తే మిగిలిన కిట్లు వెనక్కి తీసుకోరు. ఏరియా మీదే అని రాసిచ్చి, అదే ఏరియా పిల్లలకి కంపెనీయే ఆన్‌లైన్ క్లాసులు అమ్మింది. అగ్రిమెంట్‌లో ఆన్‌లైన్ ఊసే లేదు కాబట్టి ఆవిడ ఏమీ చేయలేకపోయారు. నూరు వసూలైతే రాయల్టీకి 15, అద్దెకి 25, జీతాలకి 35, కిట్లకి 15 పోతే మిగిలేది 10. కరెంటు, ప్రకటనలు, ఆవిడ కష్టం అన్నీ అందులోనే. కంపెనీ తనంతట తాను ఇచ్చే నంబర్లలో ఇలాంటి మాటలు వినపడవు. మీరు వెతికి పట్టుకున్న నంబర్లకే ఫోన్ చేయండి.

తర్వాత చూసిన బ్రాండ్ చిన్నది, సైట్ కూడా సాదాసీదాగా ఉంది. మూతపడిన సెంటర్ల గురించి అడిగితే పేర్లు, కారణాలు మర్నాటికే మెయిల్‌లో పంపారు. వాళ్లలో ఇద్దరితో మాట్లాడితే కారణాలు సరిపోయాయి. డ్రాఫ్ట్ అగ్రిమెంట్ ఇప్పుడు లాయర్ దగ్గరుంది. ఆన్‌లైన్ క్లాసుల్లో నా ఏరియా పిల్లల ఫీజులో వాటా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. సెంటర్ అద్దె లీజు మూడేళ్లు, ఫ్రాంచైజీ ఐదేళ్లు అని రాశారు. ఆ రెండు గడువులూ ఒకేసారి ముగిసేలా మార్చమని అడిగాను, జవాబు రావాలి.