కొత్త పెట్ట, పాత గుంపు, మా పిల్లలు

మా పెరట్లో మూడు కోళ్ళుండేవి. నాలుగోది వచ్చి చేరింది నక్క వల్ల. మేముండేది ఇంగ్లండులో, రెడింగ్ శివార్లలో. ఇక్కడ నక్కలు రాత్రిళ్ళు వీధుల్లోకొచ్చి చెత్తబుట్టల చుట్టూ తిరుగుతాయి. తెలిసిన తెలుగువాళ్ళింట్లో ఒక తెల్లవారుజామున నక్క పడి కోళ్ళన్నిటినీ కొట్టేసింది. 14 వారాల పెట్టపిల్ల ఒక్కటే ఏదో పొద కింద దూరి బతికింది. లైట్ ససెక్స్ జాతి, ఒళ్ళంతా తెలుపు, మెడ చుట్టూ నల్లటి పట్టీ. "ఒంటరిగా ఉంటే బెంగతో పోతుంది, మీ వాటితో కలుపుకుంటారా?" అని ఫోన్ చేశారు. నేను నోరు తెరవకముందే మా పిల్లలిద్దరూ సరే అనేశారు.

వీలుంటే ఎప్పుడూ ఒక్కదాన్ని తేకూడదు, రెండిటిని తేవాలి. పాత కోళ్ళ పోట్లు రెండిటికీ పంచినట్టవుతుంది, బెదిరినప్పుడు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మాకు ఆ వీలు లేదు. అందుకే మిగతా పద్ధతులన్నీ మరీ జాగ్రత్తగా పాటించాల్సొచ్చింది.

ఆ రోజుల్లో అమ్మ మా దగ్గరే ఉంది, ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చింది. పాలకొల్లు దగ్గర పల్లెలో పుట్టి, కోళ్ళ మధ్యే పెరిగిన మనిషి. పెట్టపిల్ల పెట్టెలోంచి దిగగానే దాన్ని చంకలో ఇరికించుకుని, రెక్క విప్పి చూసింది, తోక కింద ఈకలు ఊది పేలున్నాయేమో చూసింది, కాళ్ళ పొలుసులు తడిమింది. "ముక్కు కారట్లేదు, కళ్ళు తేటగా ఉన్నాయి. అయినా సరే, వాటిల్లో కలపమాకు అమ్మాయ్, దూరంగా పెట్టు" అంది. వాళ్ళ చిన్నతనంలో సంత నుంచి తెచ్చిన పుంజు ఒకటి కొక్కెర తెగులు మోసుకొచ్చి, వాళ్ళ కోళ్ళతో పాటు వీధి వీధంతా ఖాళీ అయిందట. ఇక్కడి పశువైద్యులూ అదే చెబుతారు: కొత్త కోడిని కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాలి, దాణా, నీళ్ళ గిన్నెలు వేరు, ముందు పాత కోళ్ళ పని చేసుకుని ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికెళ్ళాలి, చేతులు కడుక్కోవాలి. ఎక్కడో గోదావరి పక్కన నేర్చుకున్నదీ, ఇక్కడ బడిలో చదివిన సైన్సూ ఒకే మాట చెబుతుంటే మా పిల్లలు అమ్మమ్మ వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత కోళ్ళ విషయంలో ఏ సందేహమొచ్చినా నన్ను దాటుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళేవారు.

అన్నిట్లోనూ అంత తేలిగ్గా కుదరలేదు. మిగిలిన అన్నం కోళ్ళకు వేయడం అమ్మకు పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు. ఇక్కడ అది చట్టవిరుద్ధం. వంటింట్లోంచి వచ్చిన ఏ తిండీ కోళ్ళకు పెట్టకూడదు, ఇంట్లో పెంచుకునే వాటికైనా సరే. 2001లో ఈ దేశంలో గాలికుంటు వ్యాధి ప్రబలి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సొచ్చింది. పందులకు వేసిన ఎంగిలి తిండి నుంచే అది మొదలైందని తేలాక వచ్చిన నిబంధన ఇది. పాలూ నెయ్యీ కూడా అడుగుపెట్టని వంటిల్లయితే తప్ప మినహాయింపు లేదు. మా పెద్దదానికి పదకొండేళ్ళు, నియమమంటే నియమమే. "అమ్మమ్మా, యు కాంట్ డూ దట్" అని గిన్నె లాక్కోబోయింది. అమ్మ ముఖం చిన్నబోయింది. నేను పిల్లని పక్కకు పిలిచి, ఆపడం కాదు, ఎందుకో కూర్చుని చెప్పు, తెలుగులో చెప్పు అన్నాను. దానికి చాలాసేపు పట్టింది. పందుల సంగతీ, పొలాల్లో పశువుల్ని తగలబెట్టిన సంగతీ వచ్చీరాని తెలుగులో చెప్పుకొచ్చింది. అమ్మ అంతా విని, "పాపం, ఎంత నష్టపోయుంటారో" అంది. మర్నాడు పెరట్లో ఓ మూల మెంతులు చల్లింది. నేల మీంచి నేరుగా కోసింది వేయొచ్చు, వంటింట్లోకి తెచ్చి కడిగితేనే కుదరదు. ఆ తేడా ఆవిడకి విచిత్రంగా అనిపించినా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో ఒక్క కోడిని పెంచినా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. బర్డ్ ఫ్లూ వస్తే కబురు అందించడానికి. ఆ పని మా ఆయన చూసుకున్నారు.

విడిగా ఉంచే గడువు తీరాక అసలు పని మొదలైంది. ఇక్కడ కోళ్ళు పెంచేవాళ్ళంతా చెప్పేది, చూసుకోవాలి గానీ తాకకూడదు అని. పాత కోళ్ళు తిరిగే చోటే, ఇనుప జాలీ అవతల కొత్తదాన్ని ఒకటి రెండు వారాలు ఉంచాలి. అమ్మకు ఇదేమీ కొత్త కాదు. కొన్న కోడిని పగలు కాలికి తాడేసి వాకిట్లో గుంజకు కట్టడం, రాత్రి గంప కింద పెట్టడం వాళ్ళింట్లో మామూలు. ఇంటి కోళ్ళు దాని చుట్టూ తిరుగుతూ గింజలేరుకుంటాయి, నాలుగు రోజులకు అలవాటు పడతాయి. ఇక్కడ గంప దొరక్క, కుక్కలకు వాడే ఇనుప బోను కొన్నాం. జాలీకి ఇవతల పాతవాటి దాణా, అవతల దగ్గర్లోనే కొత్తదాని దాణా పెడితే, పక్కపక్కనే తినడం అలవాటవుతుంది.

దాణా విషయంలో ఒక జాగ్రత్త ఉంది, చాలామందికి తెలియదు. గుడ్లు పెట్టే కోళ్ళకిచ్చే లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది. గుడ్లకు రాని పెట్టపిల్ల రోజూ అది తింటే మూత్రపిండాలు చెడతాయి. కలిసి తిరిగేటప్పుడు ఎవరిది ఎవరు తింటున్నారో కాపలా కాయలేం కాబట్టి, అన్నిటికీ ఎదిగే పిల్లలకిచ్చే గ్రోయర్ దాణానే వేసి, గుడ్లు పెట్టేవాటికి కాల్షియం అందేలా ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెట్టాం. కావాల్సినవి తింటాయి, అక్కర్లేనిది ముట్టుకోదు.

జాలీ దగ్గర గంటలు గంటలు కూర్చునేది మా పెద్దది. కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవొచ్చన్న వరస ఉంటుందని మొదట పట్టుకున్నది నార్వేకు చెందిన షెల్డెరుప్-ఎబ్బె. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే కోళ్ళను చూస్తూ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. పెద్దయ్యాక 1920ల మొదట్లో అదే పరిశోధనగా ప్రచురించాడు. ఈ సంగతి చెప్పగానే మా పెద్దది కూడా పుస్తకం తీసింది. నల్లది అందర్నీ పొడుస్తుంది. పెద్ద ఎర్రది నల్లదానికి తప్ప ఎవరికీ తగ్గదు. చిన్న ఎర్రది అందరికీ తగ్గుతుంది. వాటికి పిల్లలు పెట్టిన పేర్లు పెప్పర్, జింజర్, నట్‌మెగ్. అమ్మకు మాత్రం రంగును బట్టి నల్లది కాకిపెట్ట, ఎర్రవి పెద్ద డేగ, చిన్న డేగ. తెల్లగా ఉన్న కొత్తది పిల్లలకు డైసీ, అమ్మకు సేతువ. రెండు పేర్లకూ అది ఒకలాగే తలెత్తి చూసేది.

జాలీ తీసిన రోజు శనివారం. తప్పించుకోవడానికి చోటుండాలని గోడకి చెక్క పాలెట్లు రెండు వాలుగా ఆనించాం. ఒక చోట నిలబడితే ఇంకోటి కనపడకుండా దాణా గిన్నెలు రెండు మూలల పెట్టాం. కాకిపెట్ట మెడ నిక్కించింది, మెడ మీది ఈకలు లేచి నిలబడ్డాయి. రెండడుగులు వేసి, పెట్టపిల్ల నడినెత్తిన ఠపీమని ఒక్క పోటు పొడిచింది. అది కీచుమని అరిచి పాలెట్ వెనక్కి దూరింది. అంతటితో ఆగలేదు. ఇంతకాలం అందరికీ లోబడి ఉన్న చిన్న డేగ ఉంది చూశారూ, అన్నిటికంటే అదే ఎక్కువ వెంటబడింది. తనకంటే కింద ఒకటి వచ్చిందని తెలిస్తే మరి ఊరుకుంటుందా! మా చిన్నోడికి ఏడుపు ఆగలేదు. పెద్దది నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "అమ్మా, దిసీజ్ బుల్లీయింగ్! ఏదో ఒకటి చెయ్యి!"

ఇక్కడి బళ్ళలో ఆ మాటకు చాలా బరువుంది, ఉండాలి కూడా. ఎవరైనా ఎవరినైనా ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోవద్దనీ, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలనీ నేర్పుతారు. మా పిల్లలకు అది ఒంటబట్టినందుకు నాకు సంతోషమే. అమ్మ మాత్రం మెట్టు మీంచి కదల్లేదు. "ఊరుకోండే. ఇప్పుడు తీసేస్తే రేపు మళ్ళీ మొదటికొస్తాయి. రక్తం వస్తే నేనే లేస్తా" అంది.

మా ఇంట్లో ఆ తర్వాత చాలా రోజులు నడిచిన వాదన అదే: పెద్దవాళ్ళు ఎప్పుడు లేవాలి? మేం కూర్చుని మాట్లాడుకుని కొన్ని గీతలు గీసుకున్నాం. పొడిచి వదిలేస్తే జోక్యం లేదు. వెంటాడి మూలకు తోసి మీదెక్కితే లేవాలి. రోజంతా తిండికీ నీళ్ళకూ రానివ్వకపోతే లేవాలి. రక్తం చుక్క కనిపిస్తే పరుగెత్తాలి, ఎందుకంటే కోళ్ళకు రక్తం కనిపిస్తే అన్నీ కలిసి అక్కడే పొడుస్తాయి, చంపేదాకా ఆగకపోవచ్చు. అదుపు తప్పితే కొత్తదాన్ని తీసి దాచే బదులు, రౌడీతనం చేసేదాన్నే రెండు మూడు రోజులు విడిగా పెట్టాలి. తిరిగొచ్చాక దాని పెత్తనం కొంచెం తగ్గుతుంది. ఈ ఆఖరి మాట మా పెద్దదానికి బాగా నచ్చింది. అవసరం వస్తుందేమోనని చిన్న డేగ మీద కన్నేసి ఉంచింది కూడా.

జాలీ తీసిన ఆ శనివారం రాత్రి పడుకునే ముందు మా పెద్దది నాతో అంది: "పాలకొల్లులో నాక్కూడా ఇలాగే అయింది కదమ్మా."

నిరుడు వేసవిలో దాన్ని అమ్మ దగ్గర వదిలాను. ఇక్కడ సెలవులిచ్చేది జూలై చివర్లో, అప్పటికి అక్కడ బళ్ళు తెరిచేసి ఉంటారు. మా అన్నయ్య పిల్లలు సాయంత్రం బడి నుంచి వచ్చాకే ఆటలు. దీని యాస పట్టుకుని వాళ్ళు "దొరసాని" అని ఏడిపించారు, ఆటలో చేర్చుకోలేదు. ఫోన్లో దాని గొంతు విని నేను అన్నయ్యతో గొడవపడబోయాను. అమ్మ "నువ్వు ఫోన్ పెట్టెయ్యవే, నేను చూస్తున్నా" అంది. ఆవిడ చేసిందల్లా, రోజూ రాత్రి నలుగురినీ వరసలో కూర్చోబెట్టి ఒకే పళ్ళెంలో కలిపి ముద్దలు పెట్టడం. ఎవరినీ తిట్టలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. ఆఖరి వారంలో మా పిల్ల నాతో మాట్లాడ్డానికే తీరిక లేదంది, ఆటలో ఉందట.

అమ్మ ఊరుకున్నట్టే కనిపించింది గానీ కళ్ళు అటే ఉన్నాయి. ఇక్కడ పిల్లల్ని పెంచుతూ నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. నలుగురు అత్తలూ పిన్నులూ ఓ కంట కనిపెట్టే ఇల్లు లేదు మాకు. ఉన్నది మేమిద్దరమే. అందుకే చిన్నదానికీ పరుగెత్తుతాం, లేదా పనిలో పడి పెద్దది కూడా గమనించం.

చిన్నోడి గొడవ వేరు. ఒకరోజు అమ్మమ్మనడిగాడు, "మీ ఊళ్ళో సేతువ ఉండేది కదా, అదిప్పుడెక్కడుంది?" అమ్మ నా వైపు చూసింది. నిజమే చెప్పమన్నాను. "పండక్కి కోసుకున్నాం బుల్లోడా. బాగా పెంచి, అక్కరకు తిన్నాం." వాడు లేచి వెళ్ళి బోను పక్కన కూర్చున్నాడు. కొన్నాళ్ళు కోడికూర ముట్టలేదు, మేం బలవంతపెట్టలేదు. సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ సంచిలో దొరికేదీ ఇదీ ఒకటేనని పిల్లలకు తెలియాలనే నా పట్టుదల. తింటారో మానేస్తారో వాళ్ళిష్టం. మా పెరటి కోళ్ళను మాత్రం గుడ్లు ఆగిపోయినా ఉంచుకుంటామని మాట ఇచ్చాం. అమ్మకు అది దండగనిపించినా కాదనలేదు.

రాత్రి కలపడం గురించి కూడా చెప్పాలి. చీకట్లో కోళ్ళకు చూపు ఆనదు, గూట్లో కర్ర మీద కొత్తదాన్ని మెల్లగా కూర్చోబెడితే కొట్లాడవు. అంతమాత్రాన పొద్దున్నకి అన్నీ మరిచిపోతాయనుకోవద్దు. తెల్లారేసరికి మనిషి అక్కడుండాలి, తలుపు తీయాలి, ఇరుకులో చిక్కుకోనివ్వకూడదు. పగలు కలవడం కొంత కుదురుకున్నాకే మేం రాత్రి కలిపాం. పొద్దున్నే దుప్పటి కప్పుకుని తలుపు తీసే డ్యూటీ అమ్మది, పక్కన చిన్నోడు.

అమ్మ తిరిగి వెళ్ళే ముందే పెట్టపిల్ల తల మీది జుట్టు ఎర్రబడింది, వీపు మీద చెయ్యి వేస్తే వంగి కూర్చోవడం మొదలైంది. గుడ్లకొస్తోందని ఆవిడే చెప్పింది. మొదటి గుడ్డు చిన్నది, లేత గోధుమరంగు. దాన్ని వీడియో కాల్లో చూపించాల్సొచ్చింది, అప్పటికి ఆవిడ పాలకొల్లులో ఉంది. వరసలో అదిప్పటికీ ఆఖరే, కర్ర మీద చివర్నే పడుకుంటుంది. కానీ చిన్న డేగ పక్కనే, ఒళ్ళు ఆనించి.

వచ్చే వసంతంలో ఇంకో రెండిటిని తేవాలనుకుంటున్నాం, ఈసారి జతగా. పాలెట్లు చాలవు, ఇంకోటి కావాలని మా పెద్దది వాళ్ళ నాన్నకి ఇప్పటికే చెప్పింది. అమ్మని మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగితే, "కోళ్ళు వచ్చే ముందు చెప్పండి, టికెట్ చూసుకుంటా" అంది.