గల్ఫ్‌లో డప్పు మీద నిలబడాలంటే

బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగైనా గల్ఫ్‌లో ఆట ఆడేది సెలవు రోజే. అందుకే దుబాయ్, దోహా, మస్కట్ సంఘాలన్నీ అవే ఒకటి రెండు వారాంతాల మీద పడతాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చిన డప్పు కళాకారులకు అప్పుడు ఫోన్లు ఆగవు. ఆ తర్వాత చప్పుడుండదు. రంజాన్ నెలలో ప్రోగ్రాములు బాగా తగ్గిపోతాయి, ఎండాకాలం ఆరుబయట వాయించే వీలే లేదు. ఏడాదంతా నడవాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే చలికాలాన్ని పట్టుకోవాలి. దానికి మాటాముచ్చట ఆగస్టులోనే కావాలి, సగం డబ్బు అడ్వాన్సుగా చేతికి రావాలి.

అన్నిటికన్నా ముందు కాగితం. కంపెనీ వీసా మీద ఉండి, పర్మిట్ లేకుండా ఇంకోచోట డబ్బులకు వాయిస్తే చట్టం ఒప్పుకోదు. యూఏఈలో కార్మిక శాఖ ఇచ్చే పార్ట్‌టైమ్ పర్మిట్ ఉంది. దుబాయ్‌లో ప్రోగ్రాం పెట్టేవాళ్లు పర్యాటక శాఖ దగ్గర ఈవెంట్ పర్మిట్ కూడా తీసుకోవాలి, అందులో కళాకారుల పేర్లుండాలి. "ఏం కాదు తమ్మీ, నువ్వు రా, నేను చూసుకుంట" అన్న నిర్వాహకుడిని ఆ పర్మిట్ కాపీ వాట్సాప్‌లో పెట్టమనండి. పెట్టకపోతే పోవద్దు. 2024లో మారిన చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల జరిమానా ఉంది. కళాకారుడికైతే వీసాకే ముప్పు.

అమెరికా సంఘాలు పిలిస్తే విజిటర్ వీసా మీద పారితోషికం తీసుకుని వాయించరాదు. జానపద కళలకు పీ-3 వీసా ఉంది. అక్కడ పిలిచేవాళ్లే వాళ్ల ఇమిగ్రేషన్ శాఖలో ఐ-129 అనే పిటిషన్ వేసి, కళాకారుల యూనియన్ అభిప్రాయ పత్రం జతచేయాలి. నెలల ముందు కదలకపోతే అది అందదు.

ఇక డప్పు. ఊళ్లో లేని తిప్పలన్నీ మేకతోలు ఇక్కడ పెడుతుంది. సెప్టెంబరు ఉక్కకు, సముద్రపు తేమకు తోలు సాగి, సిర్ర (పొట్టి లావు పుల్ల) వేస్తే మోత రాక దబ్బుమంటుంది. హాల్లో ఏసీకి పోగానే ఎండి బిగుస్తుంది. ఇట్లా సాగుతూ, బిగుస్తూ ఉంటే కొన్నాళ్లకు చట్రం అంచు దగ్గర చీలుతుంది. కాబట్టి ప్రోగ్రాంకు గంట ముందే డప్పును హాల్లో పెట్టి, ఆ గాలికి అలవాటు పడనివ్వాలి. ఊళ్లోలాగా గడ్డిమంట పెడితే ఫైర్ అలారం మోగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌ను లోపలి వైపు నుంచి, జానెడు దూరంలో, ఆపకుండా తిప్పుతూ కాగబెట్టాలి. వేడి ఒక్కచోట నిలిస్తే తోలు అక్కడే పెళుసెక్కుతుంది. మధ్యమధ్యలో వేలితో కొట్టి చూసి, మోత ఖంగుమనగానే ఆపేయాలి. ఎండలో కారు డిక్కీలో మాత్రం వదిలేయొద్దు.

ఊరేగింపుకు బోల్టులతో బిగించే ఫైబర్ డప్పు చాలు. దాంట్లో తోలుకున్న గుండె లేదు గానీ తేమకు లొంగదు. తోలు డప్పును స్టేజీకి, రికార్డింగుకు దాచుకోవాలి. మైకును తోలు నడుమకు ఎదురుగా పెడితే గుమ్మనే మోత ఒక్కటే మైకులోకి పోతుంది, చిటికెన పుల్ల (సన్నటి పుల్ల) పలుకు మునిగిపోతుంది. అంచు వైపు, జానెడు దూరంలో పెట్టించండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పోయేటప్పుడు తోలు ఉన్నదని అక్కడ దిగేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో తప్పక రాయాలి. వెంట్రుక, మాంసం అంటుకుని ఉంటే ఆపేయొచ్చు.

నెలనెలా చేతికి డబ్బు వచ్చేది క్లాసుల వల్లే, వాటికీ తగిన పర్మిట్ చూసుకోవాలి. హనుమకొండ నుంచి అమెరికా పోయిన కుటుంబాల్లో పిల్లలకు దరువులు నేర్పించాలన్న కోరిక గట్టిగా ఉంది. న్యూజెర్సీలో శనివారం పొద్దున 10 అంటే దుబాయ్‌లో సాయంత్రం 6. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారాక 7 అవుతుంది, ముందే చెప్పి పెట్టుకోవాలి. జూమ్ డప్పు మోతను రొద అనుకుని కోసేస్తుంది, రెండు వైపులా 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయాలి. ఇద్దరూ కలిసి వాయిస్తే నెట్ ఆలస్యానికి తాళం కలవదు. గురువు ఒక దరువు వేసి ఆపాలి, పిల్లవాడు అది తిరిగి వేయాలి.