ఇంకెవర్ని దింపుతాడ్రా?

పడుకుందామని లైటు ఆర్పి పది నిమిషాలకే మళ్లీ లేచాను. పదకొండున్నర దాటింది. ఆకు కదలడం లేదు. సముద్రాన్ని ఇంత దగ్గర పెట్టుకుని కూడా మే నెలలో ఈ ఊరి ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా నిద్ర పట్టనిది ఉక్కకి కాదు, బావ అన్న మాటకి.

ఇవాళ ఆవకాయ రోజు కదా, అక్కావాళ్లు పొద్దున్నే దిగారు. కొట్టించి తెచ్చిన ముక్కలకి జీడి తీసి, లోపలి పొర ఒలిచి, తడి లేకుండా గుడ్డతో తుడిచే పని బావకీ నాకూ చంటిగాడికీ పడింది. ముగ్గురం ఒక చాప మీద కూర్చుంటే ఏం మాట్లాడుకుంటామో మీకు తెలుసు. మా జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్‌ల్లో, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల్లో, ఓడి ఇంటిదారి పట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. గురువారం, 2025 మేడే, సెలవు కావడంతో పొద్దున్న ఏడున్నర మ్యాచ్ ఆఖరిదాకా చూశాం. 103–96. సిరీస్ 4–1తో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ పట్టుకుపోయింది. సీజన్‌లో 50 మ్యాచ్‌లు గెలిచి పశ్చిమ విభాగంలో మూడో స్థానంలో నిలిచిన జట్టు, 49 గెలిచి ఆరో స్థానంలో ఉన్న జట్టు చేతిలో అయిదు మ్యాచ్‌లకే అయిపోయింది.

నాలుగో మ్యాచ్ అయిన దగ్గర్నుంచీ నాది ఒకటే వాదన. ఆ మ్యాచ్ రెండో సగం మొత్తం, అంటే 24 నిమిషాలు, కోచ్ జేజే రెడిక్ ఒక్కణ్ని కూడా మార్చలేదు. డాంచిచ్, రీవ్స్, లెబ్రాన్, హచిమురా, ఫిన్నీ-స్మిత్. మూడో క్వార్టర్‌కి దిగిన అయిదుగురే ఆఖరి హారన్ దాకా ఉన్నారు. మ్యాచ్‌లో జరిగే ప్రతిదీ వరసగా నమోదు కావడం మొదలైన 1997-98 నుంచి ప్లేఆఫ్‌ల్లో ఒక సగమంతా ఒకే అయిదుగురిని ఆడించిన కోచ్ ఇంకొకరు లేరు. మూడో క్వార్టర్ ముగిసేసరికి మనం 94–84తో ముందున్నాం. నాలుగో క్వార్టర్‌లో మనవి 19, వాళ్లవి 32. వాళ్ల ఎడ్వర్డ్స్ ఒక్కడే మ్యాచ్‌లో 43 కొట్టాడు. 116–113తో ఓడిపోయాం. లెబ్రాన్‌కి 2024 డిసెంబర్ 30న నలభై ఏళ్లు నిండాయి. అలసట అనేది పరుగులో కంటే ముందు షాట్‌లో కనబడుతుంది. మోకాళ్లు సరిగ్గా వంగవు, కాలి బలం బంతికి అందదు, బంతి వెళ్లి రింగు ముందంచుకి తగులుతుంది. ఆ తర్వాత డిఫెన్స్‌లో అరడుగు ఆలస్యం మొదలవుతుంది. ఆ అరడుగు చాలు ఎడ్వర్డ్స్‌కి.

ఇదంతా చెబితే బావ తుడుస్తున్న ముక్క కింద పెట్టకుండానే అన్నాడు, “మార్చాలి, ఒప్పుకుంటాను. ఇంకెవర్ని దింపుతాడ్రా?”

పేర్లు గబగబా చెప్పాను. “ఒక్కొక్కడే రా” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గొంతు పెంచడు, మనవైపు చూడడు, ముక్క తుడవడం ఆపడు. అలా అడిగితే ఏం చెప్పగలం? అమ్మ ఆవపిండి కొలుస్తూ “మాటలాపి చెయ్యి ఆడించండి” అనేసరికి అక్కడితో ఆగింది. ఆగిందనుకున్నాను. ఇప్పుడు చీకట్లో ఒక్కొక్కడే వస్తున్నారు.

గేబ్ విన్సెంట్. 6 అడుగుల 2 అంగుళాలు. అతను దిగితే డిఫెన్స్‌లో అయిదుగురూ ఒక మెట్టు పొట్టివాళ్లవుతారు. వాండర్‌బిల్ట్. ఎడ్వర్డ్స్ మీద కాపలాకి మనకున్న మంచి మనిషి, కానీ బయట నుంచి వేయలేడు. అతన్ని కాపలా కాయాల్సినవాడు వదిలేసి వచ్చి రింగు కింద నిలబడతాడు, డాంచిచ్ లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. పైగా పాదాల ఆపరేషన్ల వల్ల జనవరి ఆఖర్లో గానీ ఈ సీజన్ మొదలుపెట్టలేదు. గుడ్విన్ శక్తంతా పెట్టి ఆడతాడు, అంతవరకే. డాల్టన్ కనెక్ట్ 2024 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, 17వ పిక్, షాటుంది, డిఫెన్స్‌లో ఎదుటివాళ్లు వెతుక్కుని మరీ అతని మీదకే వస్తారు. జాక్సన్ హేస్ ఏడడుగుల సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగువాడు. నాలుగు మ్యాచ్‌లూ మొదటి అయిదుగురిలో దిగాడు, ప్రతిసారీ కాసేపటికే బెంచీ మీదకి వచ్చేశాడు.

లెక్క వేస్తుంటే బావ మాటే నిలబడుతోంది. ఎవర్ని దింపినా ఒక చిల్లు పూడ్చి ఇంకోటి తవ్వడమే. నేనైతే ఇప్పటికీ నాలుగో క్వార్టర్ మొదటి రెండు నిమిషాలు వాండర్‌బిల్ట్‌ని దింపి లెబ్రాన్‌ని కూర్చోబెట్టేవాణ్ని. మధ్యలో విరామం ఎలాగూ ఉంది, దానికి ఈ రెండూ కలిస్తే ఆ వయసు కాళ్లకి అయిదారు నిమిషాల విశ్రాంతి. పది పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు అంత సాహసం చెయ్యొచ్చు. కానీ నాలుగు రోజులుగా నేను అరుస్తున్నంత పెద్ద నేరం కాదది. నాలుగో మ్యాచ్ రెడిక్ పొరపాటు కంటే ముందు ఎవరో చేసిన పొరపాటు.

ఆ ముందు ఎప్పుడో నాకు తెలుసు. ఫిబ్రవరిలో రెండు ఆదివారాల మధ్య.

మొదటి ఆదివారం, 2వ తేదీ. మనకి పొద్దున్న వేళ వార్త వచ్చింది, డాంచిచ్ లేకర్స్‌కి, ఆంథొనీ డేవిస్ డల్లాస్‌కి. నమ్మలేదు, ఎవరో ఖాతా దొంగిలించి రాశారనుకున్నాను. డేవిస్‌తో పాటు మాక్స్ క్రిస్టీ, 2029 డ్రాఫ్ట్‌లో మన మొదటి రౌండ్ పిక్ (ఎంచుకునే వంతు) కూడా వెళ్లాయి. ఆ ఆనందం ఎలాంటిదో చెప్పలేను, ఇరవై అయిదేళ్ల డాంచిచ్! కానీ ఆ ముందు నెలలోనే డేవిస్ తన పక్కన ఇంకో సెంటర్ కావాలని బహిరంగంగా అడిగాడు. ఇంకొకడు రావడం అటుంచి, ఉన్నవాడే వెళ్లిపోయాడు. ఈ సంగతి ఆ రోజే నాకు తట్టాల్సింది. గురువారం పొద్దున్న షార్లెట్ నుంచి మార్క్ విలియమ్స్ వస్తున్నాడన్నారు. ఏడడుగుల పైన ఎత్తు, రెక్కలు చాచినట్టుండే చేతులు, డాంచిచ్ పైకి విసిరితే అందుకుని దించేసేవాడు. సరిగ్గా కావాల్సిన మనిషి. ధర? కనెక్ట్, రెడిష్, 2030లో పిక్ మార్పిడి హక్కు, 2031 మొదటి రౌండ్ పిక్, అదీ ఏ రక్షణా లేకుండా, అంటే ఎంత పై వంతు వచ్చినా ఇచ్చేసేలా. ఏడేళ్ల ముందుకి మించి పిక్‌లు ఇవ్వకూడదు కనక 2031 అప్పటికి ఇవ్వగలిగిన ఆఖరిది. వరసగా రెండేళ్లు మొదటి రౌండ్ ఖాళీగా ఉంచకూడదన్న నియమం ఇంకోటి. 2027, 2029 అప్పటికే ఇంకొకరికి రాసిచ్చారు. అంటే ఇంట్లో మిగిలిన ఆఖరి బంగారం తీసి తాకట్టు పెట్టడమే. నేను ఆ రోజు ఆ మాట అనుకోలేదు, డాంచిచ్ రింగు పైకి విసిరే లాబ్‌లు ఊహించుకుంటూ తిరిగాను.

ఆటగాళ్ల మార్పిడుల గడువు మనకి శుక్రవారం తెల్లవారుజామున ఒకటిన్నరకి ముగిసింది. రెండో ఆదివారం, 9వ తేదీ పొద్దున్న చూస్తే వ్యాపారం రద్దు. విలియమ్స్ వైద్య పరీక్షలో నెగ్గలేదన్నారు. గడువు దాటిపోయింది కనక ఇంకో మార్పిడి చెయ్యడానికి లేదు. ఎవరో వదిలేసినవాళ్లని తెచ్చుకోవడమే. అలెక్స్ లెన్‌ని తెచ్చారు, ప్లేఆఫ్‌ల నాటికి అతను లెక్కలోనే లేడు. డాంచిచ్‌తో పాటు వచ్చిన క్లీబర్ విరిగిన పాదంతో వచ్చాడు, అయిదో మ్యాచ్‌లో మొదటిసారి మన జెర్సీ తొడుక్కున్నాడు.

మూడు నెలలుగా ఆ రద్దుని పిరికితనం అంటూ వచ్చాను. ఇప్పుడు కుదురుగా ఆలోచిస్తే, విలియమ్స్ మొదటి సీజన్‌లో ఆడింది 82కి 43 మ్యాచ్‌లు, రెండో సీజన్‌లో 19. అలాంటి మనిషికి 2031 పిక్ ఇస్తే ఇవాళ ఇంకో సెంటర్ని కొనడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు. రద్దు చెయ్యడం సబబే. తప్పంతా వైద్య పరీక్ష గడువు తర్వాత తేలుతుందని తెలిసి కూడా, పక్కన ఇంకో మామూలు సెంటర్ని సిద్ధం చేసుకోకపోవడం. గొప్పవాడు అక్కర్లేదు. ఏడడుగులుండి, స్క్రీన్ పెట్టి (తోటివాణ్ని కాపలా కాసేవాడికి అడ్డం నిలబడి), రింగు వైపు దూకి, ఆరు ఫౌల్‌లు ఖర్చు పెట్టగలిగినవాడు చాలు. డల్లాస్ ఏం చేసిందో చూడండి. 2023లో 12వ పిక్‌తో లైవ్లీ, 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి గాఫోర్డ్. ఒకడు అలిసిపోతే ఇంకొకడు. ఆ ఏడాది పశ్చిమ ఫైనల్లో డాంచిచ్ వీళ్లిద్దరికీ లాబ్‌లు వేస్తూ ఇదే మిన్నెసోటాని, వాళ్ల సెంటర్ ఇదే గోబేర్‌ని 4–1తో పంపించాడు. అదే మనిషి, అదే ప్రత్యర్థి, అదే స్కోరు, ఈసారి తిరగబడింది. పక్కన సెంటర్ లేడు, అంతే తేడా.

ఇక్కడ చంటిగాడి గొడవ చెప్పాలి, అది ఇంకా మంటగానే ఉంది. “రీవ్స్‌ని అమ్మేసి సెంటర్ని తెచ్చెయ్యాలి మావయ్యా” అని పదిసార్లు అన్నాడు. అసలు లెక్క ఎలా ఉంటుందో చూడడు. రీవ్స్ జీతం 2025-26కి 13.9 మిలియన్ డాలర్లు. సీజన్‌లో సగటున 20 పాయింట్లు వేసినవాడికి అది చాలా తక్కువ, అందుకే అతను మనకి విలువ. మొదటి ఏప్రన్, అంటే జట్టు మొత్తం జీతాలకి లీగ్ గీసిన ఒక గీత, దాటిన జట్టు తను పంపే జీతం కంటే ఒక్క డాలరు ఎక్కువ తెచ్చుకోకూడదు. ముప్పై మిలియన్ల సెంటర్ కావాలంటే రీవ్స్ ఒక్కడు చాలడు, పక్కన హచిమురా 18.3 మిలియన్లూ కలపాలి. ఒకడి కోసం ఇద్దరు స్టార్టర్లు. ఆ ఖాళీల్లో ఎవర్ని పెడతావురా అంటే కనీస జీతగాళ్లని పెడదాం అంటాడు. 2021లో అదే చేశారు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని కరూసోని కష్టపడి తయారుచేసుకుని, నాలుగేళ్లకి 37 మిలియన్లు షికాగో ఇస్తానంటే పోనిచ్చారు. అదే వేసవిలో కూజ్మా, కాల్డ్‌వెల్-పోప్, హారెల్‌లని ఇచ్చి వెస్ట్‌బ్రూక్‌ని తెచ్చారు. తర్వాతి సీజన్ 33 గెలుపులు, 49 ఓటములు. రీవ్స్ కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాడే. ముందు 11.5 మిలియన్ల విన్సెంట్, 11 మిలియన్ల క్లీబర్, ఆ 2031 పిక్ పట్టుకుని బజారుకి వెళ్లండి. ఇంకో ఏడాది ఉండాలా వద్దా అని ఆటగాడే తేల్చుకునే ఆప్షన్లు, ఫిన్నీ-స్మిత్‌ది 15.4 మిలియన్లది, లెబ్రాన్‌ది 52.6 మిలియన్లది, ఏం చేస్తారో ఈ 2025 జూన్ నెలాఖరుకి తేలుతుంది, ఆగస్టు 2 నుంచి డాంచిచ్‌కి కొత్త ఒప్పందం రాయొచ్చు. ఆ తర్వాత మాట్లాడదాం రీవ్స్ సంగతి.

సరే, తప్పు పైవాళ్లది. అలా అనుకుని పడుకోవచ్చు. కానీ అయిదో మ్యాచ్ అడ్డొస్తోంది.

మిన్నెసోటా ఆ రోజు మూడు పాయింట్ల షాట్‌లు 47 వేసి 7 మాత్రమే కొట్టింది. నలభై తప్పిపోయాయి. అలా వేసిన జట్టు ప్లేఆఫ్‌ల్లో గెలవకూడదు. గెలిచింది. ఎందుకంటే గోబేర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు, అంటే తప్పిన షాట్‌ల బంతిని 24 సార్లు అందుకున్నాడు. హేస్ ఆ మ్యాచ్‌లో కోర్టులోకే దిగలేదు.

బాక్స్ ఔట్ అంటే ఏమిటో మన ఊరి కోర్టుల్లో కుర్రాళ్లకి కూడా మొదటి నెలలో నేర్పుతారు. షాట్ చెయ్యి వదలగానే బంతిని చూడకూడదు. ముందు నీ మనిషిని వెతకాలి, ముంజేత్తో తాకాలి, తిరిగి నడుము కిందకి దించి వాడి తొడల మీద కూర్చున్నట్టు ఆపాలి, అప్పుడు బంతి. ఇదంతా నీ మనిషి నీ ముందు ఉంటేనే. మన చిన్న జట్టు స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ మనుషుల్ని మార్చుకుంటోంది. దాంతో ఒకోసారి 6 అడుగుల 5 అంగుళాల రీవ్స్ 7 అడుగుల 1 అంగుళం గోబేర్ ముందు తేలతాడు. మార్చుకోకపోతే ఎడ్వర్డ్స్ లోపలికి దూసుకొస్తాడు, రింగు దగ్గరివాడు అతన్ని ఆపడానికి ఒక అడుగు ముందుకేస్తాడు, ఆ అడుగుతో గోబేర్ వెనక్కి వెళ్లిపోతాడు. మూలలో ఉన్నవాడు దిగి ఒళ్లు అడ్డం పెట్టాలి. పెట్టినా 6 అడుగుల 8 అంగుళాల హచిమురా కిందనించి తొయ్యగలడు గానీ పైనుంచి అందుకునే చేతుల్ని ఏం చెయ్యగలడు? తప్పిన ప్రతి షాటూ గోబేర్‌కి పాస్ అయిపోయింది.

హేస్ ఉంటే ఆగేదా? బంతి చాలాసార్లు అతనికీ దొరికేది కాదు, ఫౌల్‌లు త్వరగా పడతాయి, అంగీకరిస్తాను. కానీ పన్నెండు నిమిషాలు గోబేర్ వీపుకి ఒక ఏడడుగుల మనిషి తగిలి ఉంటే ఆ 24లో నాలుగయిదు కింద పడేవి. ఏడు పాయింట్ల తేడా మ్యాచ్ అది. నాలుగో మ్యాచ్‌లో మనుషులు లేక దింపలేదు. అయిదో మ్యాచ్‌లో ఉన్న మనిషిని దింపలేదు. అవి రెండూ ఒకటి కావు, బావ రెంటినీ కలిపేశాడు, నేనూ కలిపేశాను.

మళ్లీ మొదటికే వచ్చాను, కానీ మొదలుపెట్టిన చోటికి కాదు.

మంచి సంగతి ఒకటే, ఆవకాయ కలిపిన బేసిన్‌లో అమ్మ వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టింది. ఉప్పు సరిపోయింది.

ఇప్పుడే బావకి మెసేజ్ పెట్టాను: “నాలుగో మ్యాచ్ నీ మాటే నిజం. అయిదో మ్యాచ్‌కి నా దగ్గర పేరుంది, హేస్.” రెండు టిక్కులు పడ్డాయి. ఇంకా చూడలేదు.