ఓడలెక్కే చోటు

ఈ రోజు చెప్పుకోదగిన విశేషమేమీ లేదు. వదిన వచ్చి వెళ్ళింది, బీరకాయ పచ్చడి చేశాను, మధ్యాహ్నం కాసేపు వాన పడింది. అయినా రాత్రి పదకొండు దాటాక నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. భోజనాల దగ్గర మా గ్రీసు యాత్ర మాట వస్తే, ఏథెన్స్ నగరపు రేవు పట్టణం గురించి వదిన "పిరేయస్‌లో కూడా ఆగారటగా, ఏముందిరా అక్కడ?" అని అడిగితే, ఆయన అన్నం కలుపుకుంటూనే "ఏముందక్కా, ఓడలెక్కే చోటు" అన్నారు. మాట అక్కడి నుంచి ఓడ టికెట్ల ధరల మీదికి మళ్ళింది. నేనేమీ అనలేదు. అనకపోవడమే ఇప్పుడు బాధిస్తోంది.

ఏజినా దీవికి వెళ్ళే ఓడకు ఇంకా మూడు గంటల వ్యవధి ఉండడంతో, ఆ రోజు ఆయన రేవులో సామాను దగ్గర కూర్చుంటే, నేనొక్కదాన్నే హరిలావ్ త్రికూపి వీధిలోని పురావస్తు ప్రదర్శనశాలకు నడిచి వెళ్ళాను. గ్రీకు దేవతల కంచు విగ్రహాలున్న గదిలో ఆ పూట కాపలా ఆమె, నేను తప్ప ఇంకెవరూ లేరు. తలపై శిరస్త్రాణంతో 2.35 మీటర్ల ఎత్తున నిలిచిన ఏథెనా, ఇద్దరు ఆర్టెమిస్‌లు, నోరు తెరుచుకున్న విషాద నాటకపు ముఖపు తొడుగు, వీటన్నిటినీ చూస్తూ చివరికి అపోలో ముందు ఆగిపోయాను. ఆ విగ్రహం ఎత్తు 1.91 మీటర్లు. క్రీ.పూ. ఆరో శతాబ్దపు చివరి భాగంలో పోతపోశారని ఎక్కువమంది పండితులు చెబుతారు. అదే నిజమైతే మనకు దక్కిన నిలువెత్తు గ్రీకు కంచు విగ్రహాల్లో అంతకన్నా పాతది లేదు. ఆ కాలపు గ్రీకు రాతి యువకుల విగ్రహాల్లో చేతులు సాధారణంగా తొడలకు ఆనుకుని ఉంటాయి, ఎందుకంటే చాచిన రాతి చేయి సులువుగా విరిగిపోవచ్చు. ఈయన మాత్రం మోచేతుల నుంచి రెండు చేతులూ ముందుకు చాచి నిలుచున్నాడు. లోపల డొల్లగా పోసిన కంచు కాబట్టే అది సాధ్యమైంది. ఎడమ చేతిలో విల్లు ఉండేదట. కుడి అరచేయి ఇప్పుడు ఖాళీ.

అంతటిదాన్ని "ఏముంది" అనే ఒక్క మాటతో కొట్టివేస్తే మనసు ఎలా ఊరుకుంటుంది? ఆయన ఒక్కరే కాదు, ఆ ఊరి గురించి అందరూ అంతే. మాకు యాత్ర ఏర్పాటు చేసిన వారి కాగితంలో పిరేయస్ పేరు పక్కన ఓడ బయలుదేరే సమయం తప్ప ఒక్క అక్షరం లేదు. ప్రదర్శనశాల ఎక్కడని ఫోన్ చేసి అడిగితే, విగ్రహాలు ఏథెన్స్‌లో చూశారు కదమ్మా అన్నారు. చూసిన తరువాత మళ్ళీ చూడనక్కరలేదని ఎవరు చెప్పారు? పాత కంచు విగ్రహాల్లో ఎక్కువ భాగాన్ని ఆ తరువాతి కాలాల వాళ్ళు లోహం కోసం కరిగించేశారు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. వాటిలో నాలుగు ఒకే గదిలో ఉంటే "చూశారు కదమ్మా" అంటారా?

ఇంతవరకు రాసి, మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివితే, ఆయన మాటలో తప్పు పట్టవలసింది ఏమీ లేదేమోనని తోస్తోంది. ఆ విగ్రహాలు గుడిలో దొరకలేదు. 1959లో రేవుకు దగ్గరలో ఒక వీధిలో మురుగునీటి పనులకు తవ్వుతుంటే, కాలిపోయిన గిడ్డంగి శిథిలాల్లో, సర్ది పెట్టినట్టుగా పడుకుని కనిపించాయి. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా పిరేయస్‌ను తగులబెట్టినప్పుడు అవి ఎటో ఓడెక్కడానికి సిద్ధంగా ఉండి ఉంటాయని చాలామంది పురావస్తువేత్తలు అంటారు. అంటే వాటికి కూడా అది ఓడలెక్కే చోటే. గిడ్డంగి కాలి కూలడం వల్లనే అవి అక్కడ ఆగిపోయి మనకు మిగిలాయి. ఎక్కినవాటి సంగతి తెలిసిందే. అదే రేవులో కూర్చున్న పాలరాతి సింహాన్ని 1687 నాటి దండయాత్రలో వెనిస్ సేనాని మొరోసిని తీసుకుపోయాడు. అది ఈనాటికీ వెనిస్ ఆయుధశాల వాకిట ఉంది. మన అమరావతి శిల్పాలను 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చితే, అవి అక్కడ ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉండి, ఆ తరువాత ఓడెక్కి లండన్ చేరాయి. అమరావతి గురించి అడిగితే "ఏముంది, నాలుగు రాళ్ళు" అనే వాళ్ళను మా బంధువుల్లోనే విన్నాను. బహుశా ఈ మధ్యాహ్నం నన్ను గుచ్చింది పిరేయస్ కాకపోవచ్చు, ఆ పాత మాటే అయి ఉండవచ్చు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ మూడు గంటలూ నాలుగు పెట్టెలకు కాపలాగా ఎండలో కూర్చున్నది ఆయనే. నేను తిరిగి వచ్చాక "అయిందా?" అని మాత్రమే అడిగారు. నేను "అయింది" అన్నానే తప్ప, ఏం చూశానో చెప్పలేదు.

పడుకునే ముందు ఫోన్‌లో ఆ ఫోటోలు వెతికాను. అపోలో పాదాల వైపు నుంచి తీసినదొక్కటే స్పష్టంగా వచ్చింది. రాతి యువకులు ఎడమ కాలు ముందుకు వేసి ఉంటారు. ఈయన కుడి కాలు ముందుకు వేశాడు. రేపు కాఫీ ఇచ్చేటప్పుడు ఆయనకు ఇది చూపిస్తాను.