కొండ జ్వరం

2018 నవంబరులో నాకు వచ్చిన మలేరియా మెదడుకు ఎక్కి, కన్నకూతురిని కూడా పోల్చుకోలేని స్థితికి నన్ను తీసుకువెళ్లింది. దాన్ని గురించి సాక్ష్యం చెప్పమని మా క్రైస్తవ సంఘంలో ఎందరో అడిగారు. రెండుసార్లు లేచి నిలబడి, దేవునికి స్తోత్రమని మాత్రం చెప్పి కూర్చున్నాను. సాక్ష్యంలో చెప్పడానికి వీలులేని మాటలు కొన్ని నాలోనే ఉండిపోయాయి. భయం తగ్గింది, కోపం కూడా చాలావరకు తగ్గింది కనుక వాటిని ఇప్పుడు రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. బడిలో, ఆఫీసులో ఒడియా మాట్లాడతాం. ఇంట్లోనూ మందిరంలోనూ తెలుగే. మా పుట్టింటివారు మూడు తరాలుగా బాప్టిస్టులు. నా భర్త పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నారు, మా అత్తగారు తీసుకోలేదు. ఆవిడ ట్రంకుపెట్టె మూత లోపలివైపు పాతపట్నం నీలమణి దుర్గమ్మ పటం అంటించి ఉంటుంది. రోజూ ఉదయం పెట్టె తెరిచి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ మూసేస్తారు. పన్నెండేళ్లుగా ఒకే వంటింట్లో మసలుతున్నా ఆవిడ నా ప్రార్థన జోలికి రాలేదు, నేను ఆవిడ పెట్టె జోలికి వెళ్లలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటలు, జీడితోటలు నేలకూలిన సంగతి తెలుగువారందరికీ తెలుసు గాని, మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడిన సంగతి అంతగా తెలియదు. మా స్త్రీల సమాజం తరఫున దుప్పట్లు, బియ్యం, బట్టలు పోగుచేసి, నెలాఖరున ఎనిమిది మందిమి కొండమీద ఒక సవర గిరిజనుల ఊరికి వెళ్లాం. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారని నేను బడిలో ఏటా పిల్లలకు చెబుతాను. అలా చెప్పే నేను ఒక సవర ఇంట్లో రాత్రి పడుకోవడం మాత్రం అదే మొదటిసారి.

రోడ్డు కోసుకుపోయి జీపు కదలలేదు కనుక అక్కడే ఉండిపోయాం. ఆ ఇంటి ఇల్లాలి దగ్గర ప్రభుత్వంవారు ఇచ్చిన దోమతెర ఒక్కటే మిగిలింది. ఆమె దానిని విప్పి నా చాప మీద కట్టబోయింది. ముగ్గురు పిల్లలు దాని కింద పడుకుంటారని చూసి నేను వద్దన్నాను. అలా వద్దనడం తప్పని ఈనాటికీ అనుకోను. నా తప్పల్లా, మా బీరువా పైన కవరు విప్పని కొత్త దోమతెర ఉండి కూడా దానిని సంచిలో పెట్టుకోకపోవడం.

పన్నెండో రోజు సాయంత్రం బడి నుంచి వస్తూనే ఒణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయేంత చలి, ఆపైన ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆపైన చెమటలు. మా పేటలో వైద్యం చేసే ఆయన దగ్గరకు వెళ్తే, రక్తం తీయించి, టైఫాయిడ్ అని చెప్పి, సెలైనూ ఇంజెక్షన్లూ మొదలుపెట్టారు. టైఫాయిడ్‌కు చేసే వైడల్ రక్తపరీక్షలో మలేరియా రోగులకు కూడా టైఫాయిడ్ ఉన్నట్టు రావచ్చునని తరువాత తెలుసుకున్నాను. మలేరియా ప్రబలే మా కొండ జిల్లాలో, తుపాను వెళ్లిన నెల రోజులకు, చలిజ్వరంతో వచ్చిన మనిషికి వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూడాలని ఆయనకు తోచలేదు. నెల తిరక్కుండా ఎదురుపడి, "టైఫాయిడ్‌తో పాటు అదీ కలిసిందమ్మా, ఏం చేస్తాం" అన్నారు. ఆ ముఖంలో కాస్త కలవరమైనా కనిపించి ఉంటే నేను ఈ పేరాను ఇంత కఠినంగా రాసేదాన్ని కాదు.

మూడో రోజు సాయంత్రం మా సంఘ పెద్ద ఒకరు చూడటానికి వచ్చారు. నా చిన్నతనం నుంచీ ఎరిగినవారు, మా నాన్నగారి భూస్థాపనలో పెట్టెకు భుజం పట్టినవారు. చిన్న సీసాలో ఒలీవ నూనె తెచ్చి, నుదుట రాసి, ప్రార్థించారు. ఆ ప్రార్థన నిజంగా నాకు హాయినిచ్చింది. కుర్చీలోంచి లేస్తూ ఆయన అన్నారు: "అమ్మా, చేసిన సేవ మనుష్యుల మెప్పుకోసం చేసినదైతే దేవుడు ఇలాగే సరిచేస్తాడు. ఒప్పుకుని ప్రార్థన చేసుకో, రేపటికల్లా లేస్తావు."

ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో నాకు తెలియదు. నాకు మాత్రం వెంటనే ఒక ఫొటో గుర్తుకువచ్చింది. కొండమీద ఒక ముసలామెకు నేను దుప్పటి కప్పుతున్న ఫొటోను ఎవరో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నేను పెట్టలేదు. కాని ఆ రాత్రి దానిని రెండుసార్లు తెరిచి చూసుకున్నాను. ఆయన మాట సూటిగా వచ్చి అక్కడే గుచ్చుకుంది. అప్పటికే నా భర్త ఆటో మాట్లాడి, పెద్దాసుపత్రికి వెళ్దామని నిలబడి ఉన్నారు. "ఈ రాత్రి ప్రార్థన చేసుకుంటాను, రేపు వెళ్దాం" అన్నాను. ఆటోను పంపేశారు. నా ప్రాణం మీదికి వచ్చింది ఆ మాట వల్లనే.

ఆ రాత్రిలో నాకు తెలిసినది కొంత, మిగిలినది ఇంట్లోవాళ్లు చెప్పగా విన్నది. తెలిసినంతవరకు నేను పాపాలు లెక్కపెట్టుకుంటున్నాను. పైకప్పు దూలానికి ఒక చీలిక ఉంది. దానిని చూస్తూ, ఎనిమిదేళ్ల వయసులో అమ్మ కొంగు ముడిలోంచి తీసుకున్న పావలా దగ్గర మొదలుపెట్టి, తోడికోడలితో ఆడిన అబద్ధం, పరీక్షలో చూసి రాసిన లెక్క, మందిరంలో పక్కామె చీర చూసి పడిన అసూయ, ఒక్కొక్కటిగా ఒప్పుకుంటున్నాను. ఎన్ని ఒప్పుకున్నా ఇంకొకటి మిగిలిపోతోంది, అది దొరకడం లేదు, అది దొరికేదాకా జ్వరం దిగదు. నేను దూలం చీలిక వైపు చూస్తూ పాపాలు వెతుక్కుంటున్న ఆ గంటల్లోనే మలేరియా క్రిములు పట్టిన ఎర్రకణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని దారి మూసేస్తున్నాయి. ఈ రెండూ ఒకే తలలో ఒకే సమయంలో జరిగాయన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

పదకొండు గంటలకు మా పాప స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చిందట. గ్లాసు అందుకోకుండా దాని ముఖంలోకి చూసి, "తుమే కిఏ?", అంటే నువ్వెవరు అని, ఒడియాలో అడిగానట. బడిలో కొత్తగా చేరిన పిల్లలను నేను అలాగే అడుగుతాను. పదేళ్ల పిల్ల గ్లాసు పట్టుకునే నిలబడిపోయింది. నా భర్త, పాపం, జ్వరం తీవ్రతకు అలా అంటోందనుకున్నారు. మా అత్తగారు మాత్రం వచ్చి నా కనురెప్ప ఎత్తి చూశారు, మంచం కింద పెట్టిన గిన్నెలో మూత్రం కాఫీ డికాక్షను రంగులో ఉండటం చూశారు.

"ఒరే, పిల్ల మనలో లేదురా. ఏటి చూస్తన్నావు? బండి పిలువు" అన్నారు.

"తెల్లారనీ అమ్మా. రేపెల్దామని తనే అన్నాది."

"తెల్లారీదాకా ఉండదురా!"

దారిలో మూర్ఛ వచ్చిందట, రెండుసార్లు. ఆవిడ ఒడిలో నా తల పెట్టుకుని, నాలుక కొరుక్కుంటానేమోనన్న భయంతో నోట్లో తన వేళ్లు పెట్టారు. మూర్ఛ వచ్చినవారి నోట్లో ఏదీ పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆసుపత్రిలో చెప్పారు గాని, ఆవిడకు ఆ రాత్రి అది తెలియదు. చూపుడువేలి మీద నా పళ్ల గాటు మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర వైద్యుడు మొట్టమొదట అడిగినది ఒకే ఒక్క ప్రశ్న: "ఈ నెల రోజుల్లో కొండ ఊళ్లకు గాని వెళ్లారా?" మూడు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న అది. వేలిని పొడిచి ఒక చుక్క చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేస్తే, కాసేపటికే రెండు ఎర్రగీతలు తేలాయి. ఫాల్సిపేరం, మలేరియాల్లో ప్రాణాంతకమైన రకం. వెంటనే ఆర్టిసునేట్ ఇంజెక్షను ఇచ్చారు, పన్నెండు గంటలకు మరొకటి, ఇరవై నాలుగు గంటలకు మరొకటి, ఆ తరువాత రోజుకొకటి. మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కలోంచి ఈ మందుకు మూలమైన పదార్థాన్ని కనిపెట్టినందుకే చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ఎంతో ముందు, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. బైబిల్లో హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉన్నప్పుడు దేవుడు అతని ప్రార్థన విన్నాడు. ఆ దేవుని ప్రవక్త యెషయాయే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పాడు. ఈ సంగతిని ఎన్నోసార్లు చదివి దాటిపోయాను. ఆసుపత్రి మంచం మీద మొదటిసారి అక్కడ ఆగాను.

రెండో రోజు రాత్రి స్పృహ వచ్చింది. మిగిలిన వారం మామూలే: సెలైను, రక్తపరీక్షలు, రక్తం ఎక్కించడం, తరువాత మూడు రోజుల మాత్రలు. అత్తగారి రెండుపేటల గొలుసు కుదువకు వెళ్లిందని ఇంటికి వచ్చాక ఆవిడ మెడ చూసి తెలుసుకున్నాను.

డిసెంబరులో కూడికకు వెళ్తే, ఆ పెద్దాయన లేచి, సహోదరి పశ్చాత్తాపపడగానే జ్వరం విడిచిపోయిందని చెప్పి దేవుని మహిమపరిచారు. మూడో వరుసలో కూర్చుని విన్నాను. మందిరంలో మాట్లాడలేక, మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను. "బాబాయిగారూ, పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, ప్రభువు ఇద్దరూ కాదన్నాడు కదా. పేతురు అత్తకు జ్వరం వస్తే ఆమెను ఏ పాపమని అడిగాడు? చెయ్యి పట్టుకుని లేవనెత్తాడు, అంతే కదా" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నీ మంచికే అన్నానమ్మా" అన్నారు చివరికి. పిన్నిగారు కాఫీ ఇస్తే తాగి వచ్చేశాను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఋణస్థులను క్షమించిన మాట దగ్గర నా గొంతు ఆ తరువాత చాలా వారాలు ఆగిపోయేది. ఇప్పుడు ఆగడం లేదు గాని, అక్కడికి వచ్చేసరికి ఆయన ముఖం ఇంకా కనబడుతుంది.

కొండ ప్రాంతాలకు సేవకు వెళ్లే సంఘాలవారికి నేను చెప్పగలిగినది ఇంతే. ఎవరి దోమతెర వారు తీసుకువెళ్లండి. తిరిగివచ్చిన నెలలో జ్వరం వస్తే, వైద్యుడు అడిగినా అడగకపోయినా, కొండకు వెళ్లానని చెప్పి మలేరియా పరీక్ష అదే రోజు చేయించుకోండి. పరీక్ష చేయించుకున్నాక ప్రార్థించండి, చేయించుకునే ముందు కూడా ప్రార్థించండి, ప్రార్థన కోసం ఆటోను మాత్రం తిప్పి పంపకండి. ఆర్టిసునేట్ ఇచ్చిన తరువాత కొందరికి నాలుగు వారాల లోపు రక్తం పడిపోతుంది, కాబట్టి ఇంటికి వచ్చాక కూడా హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. జుట్టు ఊడితే భయపడకండి. నాకు ఫిబ్రవరిలో దువ్వెన నిండా వచ్చింది, మళ్లీ మొలిచింది.

ఇక మిగిలినది మా అత్తగారి సంగతి. ఆ రాత్రి బండిలో ఆవిడ పాతపట్నం అమ్మవారికి చీర మొక్కుకున్నారట. మార్చిలో, నా భర్త ఊళ్లో లేని రోజున, "మోకాళ్లు ఒంటరిగా సాగవు, నువ్వు తోడు రా. లోపలికి రావద్దు" అన్నారు. వెళ్లకూడదని మా సమాజంలో ఇద్దరు ముందే నాతో అన్నారు. నేను వెళ్లాను. గుడి బయట వేపచెట్టు నీడలో, ఆవిడ చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఆవిడ నాకోసం తన దేవతకు కృతజ్ఞత చెప్పుకుంటుంటే, బయట నేను ఆవిడ కోసం నా ప్రభువుకు చెప్పుకున్నాను.

ముప్పావుగంటకు వచ్చారు. ప్రసాదం కొంగున ముడివేసుకున్నారు, ఇంటికి వెళ్లి పక్కింటి పిల్లలకు పెట్టడానికి. మరో చేతిలో రెండు అరటిపళ్లు.

"ఇవి కొట్లో కొన్నాను. అమ్మోరికి పెట్టినవి కాదు. పొద్దున్నుంచి ఏటీ తినలేదు, తినీ" అన్నారు.

ఒకటి ఆవిడకు ఒలిచి ఇచ్చి, రెండోది నేను తిన్నాను.